గుడ్డు బండి మీద ఖలందర్ తీర్పు

కొత్త బండి సందులోకి వచ్చి ఆగీ ఆగకముందే ఖలందర్ తీర్పు చెప్పేశాడు.

"గుడ్డు," అన్నాడు.

అంతే. కంపెనీవాళ్ళు ఏండ్ల తరబడి గీసి, చెరిపి, మళ్ళీ గీసి, 'పరివార్ నెక్స్ట్' అని పేరు పెట్టి దేశం మీదికి వదిలిన వ్యానును హిందూపురంలో ఒక బాడుగ డ్రైవరు పళ్ళు తోముకుంటూ తేల్చేశాడు. నోట్లో వేపపుల్ల ఉంది కాబట్టి ఒక్క మాటతో సరిపోయింది. మొహం కడుక్కుని వచ్చాక మిగతావి కూడా వచ్చాయి.

"ముందర చూస్తే యాడ మొదలైతాదో తెల్దు. ఎనక చూస్తే యాడ అయిపోతాదో తెల్దు. దీన్ని రోడ్డు మీద నడపాల్నా, ఉడకబెట్టి ఒలుచుకోని తినాల్నా?"

స్టీరింగు ముందు కూర్చున్న కొడుకు ఆరిఫ్ నవ్వలేదు. నవ్వితే తండ్రి ఇంకో గంటసేపు ఆగడని వాడికి తెలుసు.

"చూడకముందే చెప్పద్దు నాయనా. ఈ పొద్దంతా తిరుగుదాం. సాయంత్రం ఆరుకు షోరూములో అప్పజెప్పాల. ఆ లోపల నువ్వు సరే అంటే కొత్తది తీసుకుందాం. వద్దంటే మన బండికే ఇంజను పని చేయించి నడుపుకుందాం. నీ మాటే ఆఖరు."

"నా మాటేనా?"

"నీ మాటే."

ఆరిఫ్ మంచివాడు. తెలివైనవాడు మాత్రం కాదు. తీర్పు ముందే రాసి జేబులో పెట్టుకున్న జడ్జి దగ్గరికి పోయి, సాక్ష్యాలు చూడు సామీ అని బతిమాలుకుంటున్నాడు.

ఇక్కడ పరివార్ బండ్ల వంశచరిత్ర కొంచెం చెప్పుకోవాలి. మొదట వచ్చింది పెట్టె బండి. కంపెనీ పెట్టిన పేరు వట్టి 'పరివార్' అయినా ఈ పక్క ఎవరూ అట్లా పిలవలేదు. మూతి అనేది లేకుండా చదరంగా ఉండేది. ఇంజను డ్రైవరు సీటు కిందే ఉండేది కాబట్టి చలికాలం హాయిగానూ, ఎండాకాలం నరకంగానూ ఉండేది. తర్వాత 'పరివార్ ప్లస్' వచ్చింది. ఇంజను ముందుకు జరిగి ముక్కులాగా పొడుచుకొచ్చింది, అందుకని అది ముక్కు బండి. ఖలందర్ దగ్గర పద్నాలుగేండ్లుగా ఉన్నది అదే. చిలమత్తూరులో పెండ్లి కానీ, ముదిగుబ్బలో చావు కానీ, ఆ ముక్కు కనిపించకుండా జరిగేది కాదు.

ఆ బండిని అతను కంపెనీ ఇచ్చినట్టే ఉంచుకోలేదు. కంపెనీవాళ్ళకేం తెలుసు? ఆమడగూరు పక్క మట్టిరోడ్ల మీద వాళ్ళ నాయన తిరిగాడా, తాత తిరిగాడా? వెనక స్ప్రింగుల కమాను కట్టలకు ఇంకో రెండు పట్టీలు ఎక్కించి, ముందు కూడా దానికి తగ్గట్టు ఎత్తు చేయించి, బండిని జానెడు పైకి లేపాడు. తలుపు కింద ఉండే అడుగుమెట్టు రాళ్ళకు తగులుతోందని రెండు పక్కలా కోయించి పారేశాడు. ఈ ప్రాంతంలో బాడుగ బండ్లవాళ్ళు చాలామంది చేసే పనే ఇది. కానీ పూర్తిగా జానెడు లేపిన మొనగాడు ఖలందర్ ఒక్కడే. "నా బండి కింద మేక దూరి పిల్లతో సహా అవతలకి పోతాది" అని స్టాండులో చెప్పుకునేవాడు. ఎక్కలేని పెద్దవాళ్ళ కోసం వెనక సీటు కింద ఒక చెక్క పీటను తాడుతో కట్టి పెట్టాడు. పెనుకొండ రామసుబ్బమ్మ కోసం చేయించినది కాబట్టి దానికి రామసుబ్బమ్మ పీట అని పేరు.

ఆ రోజు బాడుగ కూడా రామసుబ్బమ్మదే. పెనుకొండలో పాత రైతు కుటుంబం ఆమెది. మనవరాలు ఐశ్వర్య పెండ్లికి ధర్మవరం పోయి పట్టుచీరలు తీయాలి. కొత్త బండిలోనే పోదామని ఆరిఫ్ అన్నప్పుడు ఖలందర్ వెంటనే ఒప్పుకున్నాడు. ఒప్పుకోవడం వెనక ఒక లెక్క ఉంది. రామసుబ్బమ్మకు డెబ్బై ఆరేండ్లు. ఆమె నాలుక కత్తిపీట. ఐశ్వర్యకు వచ్చిన ఆరు సంబంధాలను ఆ నాలుకే తరిగి పోగు పెట్టింది. ఒకడు నవ్వితే బోరు మోటారు స్టార్టయినట్టు ఉందని, ఒకడు మజ్జిగ చప్పుడు చేస్తూ తాగాడని. అటువంటి మనిషి ఈ గుడ్డును చూస్తే ఊరుకుంటుందా? తీర్పు తనది, తిట్లు ఆమెవి. ఇంక ఆరిఫ్ నోరెత్తలేడు.

"పద, పోదాం," అన్నాడు ఖలందర్, మేక దొరికిన సంతోషంతో కసాయివాడు అన్నట్టు.

అప్పుడే ఇంట్లోంచి దౌలత్‌బీ వచ్చింది. ఉతికిన చీర కట్టుకుని, చేతిలో సంచి పట్టుకుని ఉంది.

"నేనూ వస్తాండా."

ఖలందర్ భార్య ముఖం చూశాడు. రెండేండ్లుగా ఆమె బండి ఎక్కలేదు. ఎక్కడికి పిలిచినా మోకాళ్ళ నొప్పులనేది. నొప్పులు ఎవరికి లేవు? ఖలందర్ నమ్మలేదు. అసలు కారణం అతను ఎప్పుడో కనిపెట్టేశాడు. ధర్మవరంలో ఉన్న అక్క మస్తాన్‌బీతో ఆమెకు పడటం లేదు. లేకుంటే అక్క మనవరాలు షబానా పెండ్లికి ఎందుకు పోదు? షబానా ఎవరో పరాయి పిల్ల కాదు. తల్లి జబ్బుపడినప్పుడు నాలుగేండ్లు ఈ ఇంట్లోనే, దౌలత్‌బీ చేతి ముద్దలు తిని పెరిగింది. ఆ పిల్ల పెండ్లి రోజు బండి దాకా వచ్చి, తలుపు పట్టుకుని, "నేను రాను పో" అని వెనక్కి తిరిగి పోయింది దౌలత్‌బీ. బండి నిండా చుట్టాలు. అందరి ముందూ పరువు పోయింది. ధర్మవరం పోయాక, ఏం చెప్పాలో తెలియక, "దానికి నీ మీద కోపం" అని వదినతో అనేశాడు. ఆ తర్వాత అదే మాట ఊరంతా చెప్పాడు. చెప్పగా చెప్పగా తనే గట్టిగా నమ్మాడు.

"ధర్మవరం పోతాండాం. మీ అక్క ఊరు. తెలుసు కదా?" అన్నాడు.

"తెలుసులే."

సరే, ఆడవాళ్ళ కోపాలు వాళ్ళే తెచ్చుకుంటారు, వాళ్ళే దించుకుంటారు అనుకుని ఖలందర్ బండి చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. బానెట్టు మీద వేలితో కొట్టి "అప్పడం" అన్నాడు. వెనక డిక్కీ తెరిచి స్టెప్నీ చూసి "ఇది టైరా, చేతి గాజా?" అన్నాడు. పైన క్యారియర్ లేదని తెలిసి నెత్తి కొట్టుకున్నాడు. పెండ్లి సామాన్లు నెత్తిన పెట్టుకుంటారా? వంటపాత్రలు ఒళ్ళో పెట్టుకుంటారా? అన్నీ చూసి ముందుకు వచ్చేసరికి దౌలత్‌బీ మధ్య సీటులో కిటికీ పక్కన కూర్చుని కొంగు సర్దుకుంటోంది. ఎప్పుడెక్కిందో అతను చూడలేదు.

"నువ్వు నడుపు నాయనా," అన్నాడు ఆరిఫ్.

"గుడ్డు మీద కూర్చునేదానికి నేనేమన్నా కోడినా? నువ్వే నడుపు."

దారిపొడుగునా ఖలందర్ నోరు మూయలేదు. బెల్టు పెట్టుకోలేదని బండి కూసింది. "నా ఒళ్ళు, నా ఇష్టం. దీనికేం నొప్పి?" అంటూనే పెట్టుకున్నాడు. అద్దాలన్నీ మూసి ఏసీ వేశాడు ఆరిఫ్. టైరు చప్పుడు వినిపించకుంటే టైరులో గాలి ఉందో లేదో ఎట్లా తెలుస్తుంది? ముక్కు బండి అయితే గేరు గేరుకూ మాట్లాడేది. పట్టీ విరిగేముందు చెప్పేది, బ్రేకు అరిగేముందు ఏడ్చేది. ఇది మూగది. పైన పటారం, లోన లొటారం. హారను కొట్టి చూడమన్నాడు. ఆరిఫ్ కొట్టాడు. "పిల్లి తోక తొక్కినట్లుండాది. దీనికి ఎనుములు తప్పుకుంటాయా? అడ్డమొచ్చి ముద్దు పెట్టుకుంటాయి."

వెనకనుంచి చిన్న నవ్వు వినిపించింది. దౌలత్‌బీ కిటికీలోంచి చేలను చూస్తోంది. వేరుసెనగ పీకేసిన చేలు, వాటిలో గొర్రెల మందలు. రెండేండ్లుగా ఆమె ఇంటికీ, సందు చివరి పాల అంగడికీ మధ్యనే తిరిగింది.

సోమందేపల్లి దగ్గర టీ అంగడి ముందు ఆపారు. ఆ అంగడి కుళ్ళాయప్పది. అతను కూడా ఒకప్పుడు వ్యాను డ్రైవరే, పెట్టె బండివాడు. బండి చచ్చిపోయాక దాని ముందు సీటును ఊడబెరికి తెచ్చి అంగడిలో బెంచీగా వేసుకున్నాడు. ఎవరినైనా కూర్చోనిస్తాడు కానీ సీటు మీద టీ ఒలికితే ఊరుకోడు.

కుళ్ళాయప్ప గుడ్డు బండిని తల నుంచి తోక దాకా చూశాడు.

"ఇదేందప్పా, ఎండకు కరిగిపోయినట్లుండాది?"

ఖలందర్ ప్రాణం లేచి వచ్చింది. "చెప్పు కుళ్ళాయప్పా, వీనికి చెప్పు! పెనుకొండ పక్కన కార్ల ఫ్యాక్టరీ వచ్చినప్పట్నుంచి ఈడ ప్రతి పిల్లోడూ ఇంజనీరే. నా ముక్కు బండి ముందర ఇది నిలబడతాదా?"

"నీ ముక్కు బండా?" కుళ్ళాయప్ప టీ వడపోస్తూ మూతి విరిచాడు. "అదొక బండి మళ్లా! బండంటే పెట్టె బండప్పా. నడిపేటోని కాళ్ళ ముందర ఏమీ ఉండదు, నేరుగా రోడ్డే. భయముంటాది కాబట్టి జాగ్రత్తగా నడిపేవాళ్ళం. ముక్కొచ్చినాక మీకు భయం పోయె, పొగరొచ్చె."

"నాకా పొగరు?"

"ముక్కు బండి కొత్తగా వచ్చినప్పుడు ఇదే తావ నా పక్కన నిలబడి ఏమన్నావు నువ్వు? ఏనుగు తొండం కోసి పంది మూతి అతికించినట్లుండాది, అన్లా? ఇట్లాంటి బండి ఎక్కేకంటే నడిచిపోయేది మేలు, అన్లా? రెండేండ్లకు దాన్నే కొంటివి. ఇంకో రెండేండ్లకు ఈ గుడ్డు మీద కూర్చోని వచ్చి ముక్కు బండిని తిడతావులే."

ఆరిఫ్ టీ గ్లాసు వెనక నవ్వు దాచుకున్నాడు. ఖలందర్‌కు మండింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు అనే మనుషులతో వాదించి లాభం లేదని గట్టిగా అన్నాడు. ఆ మాట తనకు కూడా సరిపోతుందని తోచలేదు. ఇద్దరూ చేతులూపుకుంటూ గేర్ల మీదా, చట్రాల మీదా పావుగంట కొట్లాడుకున్నారు. ఆ పావుగంటలో దౌలత్‌బీ తనంతట తానే బండి దిగింది, టీ తాగింది, గ్లాసు కడిగి ఇచ్చింది, మళ్ళీ బండెక్కి కూర్చుంది. ఆ పొద్దు చూడదగ్గ సంగతి అదొక్కటే. ఖలందర్ అదీ చూడలేదు.

పెనుకొండలో రామసుబ్బమ్మ ఇంటి ముందు బండి ఆగింది. ఆమె వాకిట్లోనే కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. పక్కన మనవరాలు ఐశ్వర్య ఫోనులో చీరల బొమ్మలు చూసుకుంటోంది.

"ఏమిరా ఖలందరూ, ఈ రంగేంది? కామెర్లొచ్చినట్లుండాది!"

మొదటి దెబ్బ అదిరింది. ఖలందర్ కొడుకు వైపు చూసి కళ్ళెగరేశాడు. ఇంతలో బండి లోపలి తెరలోంచి ఒక ఆడగొంతు, వంద మీటర్ల తర్వాత కుడివైపు తిరగమంది.

"ఎవురే ఇది? మా ఊర్లో మాకు దారి చెప్తాంది? నేను ఈ ఊరికి కోడలుగా వచ్చి అరవై ఏండ్లాయ. దీని పుట్టుకెప్పుడు?"

"అట్ల అడగండమ్మా!" అన్నాడు ఖలందర్. ఆనందం పట్టలేక గబగబా దిగి, అలవాటు చొప్పున వెనక తలుపు తీసి, సీటు కిందికి చేయి పెట్టి పీట కోసం తడిమాడు.

తాడు లేదు, పీట లేదు. అది ముక్కు బండిలో, హిందూపురంలో ఉండిపోయింది.

ఇన్నేండ్లలో ఎప్పుడూ ఇట్లా జరగలేదు. "అమ్మా, పీట మరిచిపోయినా. ఒక్క నిమిషం, మీ ఇంట్లోది ఏదన్నా..." అంటూ తిరిగేసరికి రామసుబ్బమ్మ ఒక చేత్తో తలుపు పట్టుకుని, పాదం కొంచెం ఎత్తి, తలుపు కింది మెట్టు మీద పెట్టింది. ఇంకో పాదం లోపల పెట్టింది. దౌలత్‌బీ పక్కన పోయి కూర్చుంది.

"పీట యాంటికిరా? మా ఇంటి గడప ఇంతకన్నా ఎత్తుండాది."

ఖలందర్ చేతులు గాల్లోనే ఉండిపోయాయి. ఇది అతని లెక్కలో లేదు.

బండి కదిలింది. రామసుబ్బమ్మ సీటును చేత్తో నొక్కి చూసింది, ఏసీ గాలి నెత్తికి కొడుతోందని కొంగు కప్పుకుంది, ఆ తెరలోని మనిషి నోరు మూయించమని ఆరిఫ్‌కు చెప్పింది. ఆ తర్వాత పక్కకు తిరిగింది.

"ఏమ్మా దౌలతూ, కనపడి రెండేండ్లాయ. మా ఇంటికి కూడా రావడం మానుకున్నావు. ఏమాయ?"

"మోకాళ్ళమ్మా. ఆ బండి ఎక్కలేకపోయినా."

"అది ఎవురికి మాత్రం ఎక్కను వస్తాది? మిద్దె మీదికి ఎక్కినట్ల కదా. నావీ మోకాళ్ళేనమ్మా. అందుకే కదా మీ ఆయన నాకు పీట వేసేది." రామసుబ్బమ్మ ఆగింది. ఆమె ఆగడం ఎవరూ ఎప్పుడూ చూడలేదు. "నీకు వేయడా?"

దౌలత్‌బీ కిటికీ అద్దం మీద ఏదో మరక ఉన్నట్టు కొంగుతో తుడిచింది.

"అది మీ పీట కదమ్మా," అంది.

"నాదేందే, చెక్క ముక్క! అడక్కపోతివా?"

"నా మొగుని బండి ఎక్కేదానికి నేను అడుక్కోవాల్నా?"

గొంతు పెంచలేదు. కోపంగా కూడా అనలేదు. వంటింట్లో ఉప్పు అయిపోయిందని చెప్పినట్టు చెప్పింది. ఐశ్వర్య ఫోను మీంచి తలెత్తింది. ఆరిఫ్ అద్దంలో తల్లిని చూసి, మళ్ళీ రోడ్డు వైపు చూపు తిప్పుకున్నాడు. ముందు సీటులో ఖలందర్ మెడ మాత్రమే కనిపిస్తోంది. ఆ మెడ కదల్లేదు.

మొదట అతనికి కోపమే వచ్చింది. చెప్పొచ్చు కదా? నోరు లేదా? నాకేం కల వస్తుందా? కాసేపు ఆ కోపాన్నే పట్టుకుని కూర్చున్నాడు. కానీ బండి మరీ నిశ్శబ్దంగా ఉంది. ముక్కు బండి అయితే ఆ రొదలో ఏ ఆలోచన అయినా సగంలోనే ఆగిపోయేది. ఈ దరిద్రపు బండిలో ప్రతి ఆలోచనా చివరిదాకా వినిపిస్తోంది.

రామసుబ్బమ్మ కూడా ఏనాడూ పీట అడగలేదు. ఒకరోజు ఆమె పాదం ఎత్తింది, అందలేదు, దించింది. అంతే. ఖలందర్ ఆ సాయంత్రమే వడ్రంగి సంజీవప్ప దగ్గరికి పోయి, దగ్గర నిలబడి, వేపచెక్కతో పీట చేయించాడు. జారకుండా పైన రబ్బరు ముక్క కూడా కొట్టించాడు. అంత చూపు ఉంది అతనికి. అంత తెలివి ఉంది.

షబానా పెండ్లి రోజు దౌలత్‌బీ కూడా పాదం ఎత్తింది. ఇప్పుడు గుర్తొస్తోంది. పెండ్లికని కొన్న ఆకుపచ్చ చీర. తలుపు పట్టుకున్న చెయ్యి. ఎత్తిన పాదం, అందక దించిన పాదం. మళ్ళీ ఎత్తింది. లోపలినుంచి పద్నాలుగుమంది చుట్టాలు చూస్తున్నారు. అతను యాక్సిలేటరు తొక్కి, హారను కొట్టి, "బిన్నా ఎక్కే, పొద్దుపోతాది!" అని అరిచాడు. అప్పుడామె తిరిగి ఇంట్లోకి పోయింది. ఆమెకు మూడడుగుల దూరంలో, వెనక సీటు కింద, రబ్బరు కొట్టించిన పీట తాడుతో భద్రంగా కట్టి ఉంది.

దాన్ని అతను అక్క మీద కోపమన్నాడు. పొగరన్నాడు. ఊరంతా చెప్పాడు.

"థూ," అన్నాడు ఖలందర్.

"ఏంది నాయనా? ఏసీ ఎక్కువైందా?" అన్నాడు ఆరిఫ్.

"నీ బండిని కాదులేరా. నువ్వు నడుపు."

ధర్మవరంలో రామసుబ్బమ్మనూ ఐశ్వర్యనూ పట్టుచీరల అంగడి దగ్గర దించి, మస్తాన్‌బీ ఇంటికి పోయారు. లోపలి గదిలో మగ్గం చప్పుడు వినిపిస్తోంది. దౌలత్‌బీ తలుపు జరుపుకుని దిగింది. అక్క గడపలో నిలబడి చెల్లెల్ని చూసింది కానీ ముందుకు రాలేదు.

"ఇప్పుడు దిగొచ్చిందా నీ కోపం?" అంది మస్తాన్‌బీ.

"నాకేం కోపమక్కా?"

"మరి పెండ్లికి ఏంటికి రాలేదు? ఏమప్పా ఖలందరూ, నువ్వే కదా చెప్పినావు, దీనికి నా మీద కోపమని!"

ఇద్దరు అక్కచెల్లెళ్ళూ అతని వైపు చూశారు. అబద్ధం చెప్పి తప్పించుకోవడానికి ఖలందర్‌కు నాలుగైదు దారులు కనిపించాయి. ముప్పై ఏండ్లుగా బండి నడిపే డ్రైవరుకు అడ్డదారులు తెలియవా? కానీ ఏ దారిలోనూ పోలేకపోయాడు.

"లేదు వదినా. దానికి బండి ఎక్కను రాలేదు. నేను ఎక్కించుకోలేదు. తప్పు నాది."

మస్తాన్‌బీకి అర్థమయిందో లేదో కానీ, చెల్లెలి చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. మూడు నెలల బిడ్డతో పుట్టింట్లో ఉన్న షబానా బయటికి వచ్చి, ఏడుస్తూ నవ్వుతూ, ఆ బిడ్డను దౌలత్‌బీ ఒళ్ళో పెట్టింది. ఆమె బిడ్డ పాదాలు రెండూ కలిపి పట్టుకుని చాలాసేపు అట్లాగే కూర్చుంది. ఖలందర్ గడప అవతల చెప్పుల దగ్గర కూర్చున్నాడు. ఎవరూ లోపలికి రమ్మనలేదు, అతనూ పోలేదు.

తిరుగు ప్రయాణంలో రామసుబ్బమ్మ ఒడి నిండా చీరల డబ్బాలు పెట్టుకుని, చీరల అంగడివాణ్ణి, నేసినవాణ్ణి, జరీని, పెండ్లికొడుకు తల్లి అభిరుచిని వరసగా తిట్టింది. ఖలందర్ ఒక్కదానికీ తాళం వేయలేదు. పెనుకొండలో ఆమె దిగేటప్పుడు అతను చెయ్యి అందించాడు. ఆమె పట్టుకోలేదు.

"నాకు ఇయ్యడం కాదురా," అంది.

హిందూపురం చేరేసరికి ఐదు దాటింది. దౌలత్‌బీ దిగి ఇంటి అరుగు మీద కూర్చుంది. ఆరిఫ్ బండిలోనే ఉండి అద్దం దించాడు.

"నాయనా, పొద్దయింది. షోరూములో ఏం చెప్పమంటావు?"

జేబులో పొద్దున్నుంచీ ఉన్న తీర్పు ఖలందర్‌కు గుర్తొచ్చింది. క్యారియర్ లేదు, గాజు లాంటి స్టెప్నీ, పిల్లి లాంటి హారను. అన్నీ నిజమే. ఇప్పటికీ నిజమే.

"నన్నడగద్దు. మీ అమ్మనడుగు."

ఆరిఫ్ నోరెళ్ళబెట్టాడు. ఆ ఇంట్లో మూడు తరాల బండ్ల గురించి వేల మాటలు నడిచాయి. ఆమెను అడిగినవాడు ఇంతవరకు ఎవడూ లేడు.

దౌలత్‌బీ మాత్రం ఆశ్చర్యపోలేదు. చాలాకాలంగా సిద్ధంగా ఉన్నట్టే మొదలుపెట్టింది. "తీసుకో. ఆ రంగు మాత్రం వద్దు, రామసుబ్బమ్మ చెప్పింది నిజమే. పైన సామాన్ల కమ్మీ చేయించు, లేకుంటే పెండ్లి బాడుగలు రావు. ఆ హారను మార్చు. మీ నాయన చెప్పిండేది అన్నీ కరెక్టేరా, ఒక్కటి తప్ప. మెట్టు జోలికి మాత్రం ఎవురూ పోగూడదు. కంపెనీ యాడ పెట్టిందో ఆడే ఉండల్ల. మీ నాయన రంపం పట్టుకుంటే నాకు చెప్పు."

ఆరిఫ్ పోయాడు. సందు ఖాళీ అయింది. ఖలందర్ మూలన నిలబెట్టిన ముక్కు బండి దగ్గరికి పోయి, వెనక సీటు కింద దూరి, ముడి విప్పాడు. ఏండ్ల దుమ్ముకు తాడు బిగుసుకుపోయి ఉంది. గోళ్ళు నొప్పి పెట్టాయి. పీట తెచ్చి, పంచెతో తుడిచి, అరుగు ముందు భార్య కాళ్ళ దగ్గర పెట్టాడు. క్షమించమనే మాట అతని దగ్గర లేదు. పీట మాత్రమే ఉంది.

దౌలత్‌బీ దాని మీద రెండు పాదాలూ పెట్టింది. మోకాళ్ళు సరిగ్గా మడత పడ్డాయి. రబ్బరు ముక్కను బొటనవేలితో నొక్కి చూసింది.

"బాగా చేయించినావు," అంది. చీర మీదనుంచే మోకాళ్ళు రెండూ మెల్లగా నిమురుకుంది. "రెండేండ్లు వీటిని తిట్టుకుంటి నేను. పాపం, వీటి తప్పేం లేదు."